పెద్ద టైరు వేశాక విరిగేది ఏది?

కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రైల్‌లో, యూటాలో మోయాబ్ చుట్టూ ఉన్న ఇసుకరాతి గుట్టల మీద జీప్ నడిపేవాళ్లకు అన్నిటికన్నా విలువైనది నేలకూ డిఫరెన్షియల్‌కూ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గుండు) మధ్య ఉండే జాగా. స్ప్రింగులు పెంచితే బాడీ లేస్తుంది, ఇరుసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మామూలు ఇరుసును పైకి లేపేది టైరొక్కటే. 29 అంగుళాల టైరు తీసి 35 వేస్తే ఇరుసు 3 అంగుళాలు పైకొస్తుంది. అందుకే అందరి కన్నూ ముందు టైరు మీదే పడుతుంది.

వేసిన మర్నాటి నుంచే బండి నీరసపడుతుంది. చుట్టుకొలత 20 శాతం పెరిగింది కాబట్టి చక్రం ఒక్క చుట్టుకు అంత ఎక్కువ దూరం పోవాలి, ఇంజన్ అదే. పాత టైరుకు కుదిర్చిన స్పీడోమీటరు 100 చూపిస్తుంటే అసలు వేగం 120. దీనికి మందు డిఫరెన్షియల్‌లో ఉన్న క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ల (దాన్ని తిప్పే చిన్న గేరు) నిష్పత్తి మార్చడం. ముందు 3.73 ఉంటే దాన్ని 35/29తో గుణిస్తే 4.5 వస్తుంది. దొరికే గేర్లలో దానికి దగ్గరది 4.56. పెద్ద టైరు బరువునూ ఎదురుగాలి అడ్డునూ లెక్కేసుకుని 4.88 దాకా పోయేవాళ్లూ ఉన్నారు. ముందు ఇరుసులోనూ వెనక ఇరుసులోనూ ఒకే నిష్పత్తి ఉండి తీరాలి. ఫోర్‌వీల్ వేయగానే ఇంజన్ బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంపే ఈ తరహా ట్రాన్స్‌ఫర్ కేస్ రెండింటినీ కలిపి బిగించేస్తుంది. నిష్పత్తి తేడా ఉంటే అవి ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి.

ఇక్కడొక తిరకాసుంది. క్రౌన్ సైజు హౌసింగ్‌కు కట్టుబడి ఉంటుంది, కాబట్టి నిష్పత్తి పెరగాలంటే పినియన్ చిక్కిపోవాలి. 3.73 అంటే క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 11. 4.56 అంటే 41కి 9. 4.88 అంటే 39కి 8. అంటే భారం పెరిగిన వేళకే దాన్ని మోసే గేరు సన్నబడుతోంది.

అయినా ముందు విరిగేది తరచు పినియన్ కాదు, డిఫరెన్షియల్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ, అంటే యాక్సిల్ షాఫ్ట్. ఎందుకో ఒక లెక్క వేద్దాం. 2003 నాటి జీప్ రాంగ్లర్ రూబికాన్ మోడల్‌లో 4 లీటర్ల ఇంజన్ గరిష్ఠంగా ఇచ్చే టార్క్ (తిప్పే బలం) సుమారు 319 న్యూటన్ మీటర్లు. మొదటి గేరులో 4.01 రెట్లు, ట్రాన్స్‌ఫర్ కేస్ లో-రేంజిలో (నెమ్మది గేరులో) 4 రెట్లు, ఇరుసులో 4.10 రెట్లు. మొత్తం దాదాపు 66 రెట్లు. కాగితం మీద చక్రాలకు చేరాల్సింది 21,000 న్యూటన్ మీటర్లు. ఇప్పుడు నేల వైపు నుంచి చూద్దాం. బండి బరువు 1,700 కిలోలు, పొడి రాతి మీద పట్టు 0.8 అనుకుంటే, 31 అంగుళాల టైర్లు నాలుగూ కలిసి సుమారు 5,250 న్యూటన్ మీటర్ల దగ్గరే జారిపోతాయి. ఇంజన్ సత్తాలో నాలుగో వంతు చేరేసరికే టైరు చేతులెత్తేస్తుందన్నమాట. ఆ జారుడే ఇన్నాళ్లూ షాఫ్ట్‌ను కాపాడుతోంది!

పెద్ద టైరు ఆ రక్షణ గీతను జరిపేస్తుంది. స్పానరుకు పైపు తొడిగి తిప్పితే నట్టు తెగుతుంది చూడండి, అదే సంగతి. నేల నుంచి షాఫ్ట్ మీద పడే మెలి వ్యాసార్థంతో పాటు పెరుగుతుంది. 35 వేస్తే అదే బండి 5,900 దాకా జారదు. దానికి తోడు ఇరుసులో రెండు చక్రాలనూ కలిపి బిగించే లాకర్ ఉండి, ఒక వెనక చక్రం గాల్లో ఉండి, రెండోది రెండు రాళ్ల మధ్య ఇరుక్కుందనుకోండి. వెనక ఇరుసుకు వచ్చిన టార్క్ మొత్తం ఒక్క షాఫ్ట్ మీదికే వస్తుంది. గిర్రున తిరుగుతున్న బరువైన చక్రం ఠక్కున రాతిని పట్టుకుంటే పడే దెబ్బ ఈ లెక్కలకు ఇంకా పైమాట.

మెలిని తట్టుకునే శక్తి షాఫ్ట్ వ్యాసపు ఘనంతో (వ్యాసాన్ని మూడుసార్లు గుణిస్తే వచ్చేదానితో) పాటు పెరుగుతుంది. చాలా రాంగ్లర్లకు వెనక వచ్చిన డానా 35 అనే ఇరుసులో వ్యాసం 1.17 అంగుళాలు, డానా 44లో 1.31. కంటికి తేడా ఆనదు, ఒకే ఉక్కయితే బలం మాత్రం 40 శాతం ఎక్కువ. పెద్ద పికప్‌లలో వాడిన డానా 60ల్లో కొన్నిటికి ఒకటిన్నర అంగుళం, అంటే బలం డానా 35కు రెట్టింపు పైమాటే. డానా 35 షాఫ్ట్‌ను లోపలి చివర సి ఆకారపు క్లిప్ ఒకటి పట్టి ఉంచుతుంది. షాఫ్ట్ మధ్యలో విరిగితే ఇంక ఆపేదేమీ లేక చక్రంతో సహా బయటికి జారి రావచ్చు. ఫుల్ ఫ్లోటింగ్ డానా 60లో బండి బరువును హబ్ (చక్రం నడిమి భాగం) మోస్తుంది, షాఫ్ట్ పని తిప్పడమే. విరిగినా చక్రం ఊడిరాదు. నన్నడిగితే 35 అంగుళాల టైరుకు ఖర్చు పెట్టేముందు వెనక ఇరుసు చూడాలి, గేర్ల సంగతి ఆ తర్వాత.

డానా 60కీ ఖరీదుంది. దాని క్రౌన్ 9.75 అంగుళాలు, డానా 35లోది 7.56. అంటే హౌసింగ్ అడుగు సుమారు ఒక అంగుళం కిందికి దిగుతుంది. టైరుతో సంపాదించిన మూడంగుళాల్లో ఒకటి ఇక్కడ పోయినట్టే. స్ప్రింగుల కింది బరువు పెరిగి, గతుకుల్లో బండి మరింత ఎగిరిపడుతుంది.

అమెరికా సైన్యపు బండి హంవీ దీన్ని మరో దారిలో పరిష్కరించింది. ప్రతి చక్రం దగ్గరా హబ్‌లో 1.92 నిష్పత్తి గేర్లు పెట్టారు. చివరి పెంపు అక్కడే జరుగుతుంది కాబట్టి షాఫ్ట్ దాదాపు సగం మెలే మోస్తుంది, సన్నగా ఉన్నా సరిపోతుంది. పైగా షాఫ్ట్ చక్రం మధ్యకన్నా ఎత్తున ఉంటుంది, డిఫరెన్షియల్ కూడా దాంతో పాటే పైకి పోతుంది. బదులుగా నాలుగు చక్రాల దగ్గరా గేర్లు, బేరింగులు, సీళ్లు, నూనె చూసుకోవాలి.