బారసాల దాకా ఆగొద్దు: జనన నమోదుపై అపోహలు - వాస్తవాలు

కోనసీమలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తున్నాను, ఊళ్లో జనన మరణాల రిజిస్ట్రారుని కూడా నేనే. పిల్లల సర్టిఫికెట్ల విషయంలో మనవాళ్లు గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి, వాటివల్ల తర్వాత ఎంత తిరగాల్సి వస్తుందో రోజూ చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: పేరు పెట్టాకే రిజిస్ట్రేషన్.

మన వైపు అన్నిటికన్నా ఎక్కువగా వినేది ఇదే. బారసాల 21వ రోజున చేస్తాం, పళ్లెంలో బియ్యం పోసి పేరు రాసేది ఆ రోజే, చట్టం ఇచ్చిన గడువూ 21 రోజులే. మంచిరోజు కుదరలేదనో, గోదారి పొంగి చుట్టాలు రాలేకపోయారనో బారసాల మూడో నెలకి జరిగిందంటే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. నిజానికి మేం నమోదు చేసేది పుట్టుకని. పేరు గడి ఖాళీగా వదిలేసినా నమోదు అవుతుంది. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్పించుకోవచ్చు. అయితే ఒకసారి పేరు ఎక్కాక న్యూమరాలజీ ప్రకారం ఇంకో అక్షరం కలపమంటే కుదరదు. ఇంట్లో అందరూ ఒక మాట అనుకుని, ఇంగ్లీషు స్పెల్లింగు కాగితం మీద రాసుకుని రండి.

అపోహ: సొంతూళ్లోనే చేయించుకోవాలి.

పుట్టిన చోటే నమోదు. అత్తారిల్లు భీమవరం పక్కన, పుట్టిల్లు రాజోలు, కాన్పు కాకినాడ ఆసుపత్రిలో అయితే కాకినాడ నగరపాలక సంస్థకే వెళ్లాలి. యానాం సంగతి చాలామందికి తట్టదు. చుట్టూ మన ఊళ్లే ఉన్నా అది పుదుచ్చేరి కిందికి వస్తుంది, అక్కడ పుట్టిన బిడ్డకి సర్టిఫికెట్ అక్కడి మున్సిపాలిటీయే ఇస్తుంది.

అపోహ: ఆసుపత్రి వాళ్లే చూసుకుంటారు.

ఆసుపత్రిలో కాన్పు అయితే సమాచారం పంపాల్సింది వాళ్లే, నిజమే. కానీ వాళ్లు కేస్ షీట్‌లో ఏముంటే అదే పంపుతారు. పోయిన జూన్‌లో ఒక లంక ఊరి నుంచి ఓ తల్లి ఐదేళ్ల బాబుని వెంటబెట్టుకుని వచ్చింది, బడిలో చేర్చాలని. పాలిథిన్ కవరులోంచి మడతల దగ్గర చిరిగిన డిశ్చార్జి కాగితం, సర్టిఫికెట్ తీసింది. తండ్రి పేరు సత్యనారాయణలో టీ పక్కన ఒక హెచ్ ఎక్కువ పడింది, ఆధార్‌లో అది లేదు. తల్లి ఇంటిపేరు చూస్తే పుట్టింటిది. కాన్పు పట్టణంలో అయింది కాబట్టి నేను దిద్దడానికి లేదు, అక్కడి మున్సిపాలిటీకి అర్జీ రాసిపెట్టి, ఏయే కాగితాలు జత చేయాలో చెప్పాను. ఆ ఒక్క హెచ్ కోసం ఆమె కూలి మానుకుని నాలుగుసార్లు రేవు దాటింది. అందుకే ఎవరు వచ్చినా చెబుతున్నాను, డిశ్చార్జి అయ్యే ముందే ఆసుపత్రి వాళ్లు నమోదుకి పంపే ఫారం అడిగి తీసుకుని, మీ ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు.

అపోహ: తెల్లవారకముందు పుడితే ముందురోజు తేదీ.

పెద్దవాళ్లు సూర్యోదయాన్ని బట్టి లెక్కేస్తారు, జాతకానికి అది సరే. సర్టిఫికెట్లో మాత్రం అర్ధరాత్రి 12 దాటితే తేదీ మారిపోతుంది.

అపోహ: ఏడాది దాటితే ఇక రాదు, ఏజెంటుని పట్టుకోవాలి.

వస్తుంది. 21 నుంచి 30 రోజుల్లోపు అయితే చిన్న ఆలస్య రుసుముతో అయిపోతుంది. 30 రోజులు దాటి ఏడాది లోపైతే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే ఆర్డీవో ఆఫీసు నుంచి ఉత్తర్వు తెచ్చుకోవాలి, దానికి ముందు రికార్డులో లేదని రిజిస్ట్రారు ఇచ్చే కాగితం అడుగుతారు. తిరగడం ఎక్కువే, కానీ దారి ఉంది.

అపోహ: ఆధార్ ఉంటే ఇది ఎందుకు?

సవరించిన జనన మరణాల నమోదు చట్టం 2023 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడం, ఓటు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, పెళ్లి రిజిస్ట్రేషన్, ఆధార్, అన్నింటికీ పుట్టిన తేదీ, స్థలం రుజువు జనన ధ్రువపత్రమే.

అపోహ: తండ్రి పేరు చెప్పకపోతే ఇవ్వరు.

ఒంటరి తల్లి అఫిడవిట్ ఇస్తే చాలు, సర్టిఫికెట్ ఇవ్వాల్సిందేనని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమెని నలుగురిలో నిలబెట్టి ప్రశ్నలు అడిగే హక్కు మా సీట్లో ఎవరికీ లేదు.

పుట్టిన కొద్దిసేపటికే బిడ్డ పోతే "ఇంకెందుకండీ నమోదు" అంటారు. ఆ మాట వింటే గొంతు పట్టేస్తుంది. ఆ బిడ్డ పుట్టుకా నమోదు చేయాలి, మరణమూ చేయాలి, రెండూ. ఇంట్లో పెద్దదిక్కు ఎవరు వచ్చినా సరిపోతుంది, తల్లిని తీసుకురానక్కర్లేదు.

ఇంకొకటి. నమోదయ్యాక మొదటి సర్టిఫికెట్ 7 రోజుల్లోపు ఉచితంగా ఇవ్వాలి. దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఈ మాట చెప్పి, రాతపూర్వకంగా అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.