ఊపిరి బిగబట్టి క్లీనర్ రొయ్య ఫోటో తీయొద్దు

అండమాన్ స్వరాజ్ ద్వీప్‌లో డైవింగ్ గైడ్‌గా చేస్తున్నాను. చేపల ఒంటి మీది పరాన్నజీవులను ఏరుకు తినే చిన్న క్లీనర్ రొయ్యను ఫోటో తీద్దామని కెమెరాతో వచ్చినవాళ్లు పడవలోనే అడుగుతారు: "అన్నా, షేక్ రాకుండా ఊపిరి బిగబట్టాలట కదా? బుడగలకు చేపలు పారిపోతాయట కదా?" ఈ సలహా ఇచ్చేవాళ్లు ఇకనైనా ఆపాలి. ఇది ప్రాణాలతో చెలగాటం.

వాస్తవం: స్కూబాలో, అంటే గాలి సిలిండర్‌తో చేసే డైవింగ్‌లో, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతులో పీడనం నీటి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలి మనం పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తులు నిండుగా ఉంటే ఒళ్లు దానంతటదే తేలిపోతుంది, చూపంతా స్క్రీన్ మీదే ఉంటే ఆ సంగతి తెలియదు. లోతు తక్కువ ఉన్నచోట ఒకటి రెండు మీటర్లు అలా లేచినా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. గాలి బుడగ రక్తంలో చేరి మెదడుకు వెళితే ప్రాణం మీదకే వస్తుంది. నిదానంగా ఊపిరి వదులుతూ, ఆ చివర్లో క్లిక్ చేయండి. బాయన్సీ (తేలిపోకుండా, మునగకుండా నీళ్లలో ఒకేచోట నిలవడం) ఇంకా కుదరకపోతే ఆ రోజుకి కెమెరా పడవలోనే ఉంచండి. ముందు రొయ్యను కళ్లారా చూడండి.

బుడగల భయం అక్కర్లేదు. గుంపుగా మీద పడితే చేపలు వెళ్లిపోతాయి కానీ, కదలకుండా ఉన్న మనిషి శ్వాసకు కాస్త వెనక్కి తగ్గినా మళ్లీ వస్తాయి. కాకినాడ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇదే టెన్షన్‌తో దిగింది. రొయ్య ఉన్న రాయికి చేయి చాపినంత దూరంలో, ఇసుకకు కొంచెం పైన ఆగమన్నాను. రొయ్య తెల్ల మీసాలు ఆడిస్తూ అటూ ఇటూ ఊగింది. చేపలను పిలవడం అది. కాసేపటికి గ్రూపర్ అనే పెద్ద నోటి చేప ఒకటి వచ్చి నోరు తెరిచి, మొప్పలు విప్పి నిలబడింది. రొయ్య లోపలికి దూరి పళ్ల సందుల్లో ఏరుకు తింటోంది. అంతసేపూ ఆ అమ్మాయి బుడగలు పైకి పోతూనే ఉన్నాయి, గ్రూపర్ కదల్లేదు.

మిగతావి గబగబా చెబుతాను. పాములా ఉండే మొరే ఈల్ చేప నోరు తెరిచేది కరవడానికి కాదు, మొప్పలకు నీరు అందడానికి. రొయ్య మన చేతినీ శుభ్రం చేస్తుందన్నది నిజమే. అలాగని సందులో చేయి పెట్టకండి, చాలాసార్లు ఆ ఈల్ ఇల్లూ అదే. పట్టు కోసం పగడాన్ని ముట్టుకోవద్దు. ఖరీదైన లెన్స్ లేకపోయినా మాక్రో మోడ్ (చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే సెట్టింగ్) ఉన్న చిన్న కెమెరా చాలు. లోతుకు పోయేకొద్దీ ఎరుపు మాయమవుతుంది కాబట్టి చిన్న టార్చి ఉంచుకోండి, ఫోకస్ రొయ్య కంటి మీద పెట్టండి.