మగతనం సంగతి తర్వాత, ముందు షుగర్ చూపించుకోండి

నా దగ్గరికొచ్చే మగవాళ్లలో చాలామంది మొదట నడుంనొప్పి అంటారు. లేదంటే నిద్ర పట్టడం లేదంటారు. చీటీ రాసిచ్చాక తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యేసి, వెనక్కి తిరిగి "ఇంకో చిన్న విషయం డాక్టరుగారూ" అంటారు. వచ్చిందే ఆ చిన్న విషయం కోసమని నాకూ తెలుసు. మళ్లీ కూర్చోబెడతాను.

అపోహ: అంగస్తంభన సరిగ్గా లేదంటే మగతనం పోయినట్టే.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, దీనితో వేగలేక చస్తున్నాను. అంగస్తంభన రక్తప్రసరణ వ్యవహారం. నరాల నుంచి కబురంది, నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలై, రక్తనాళాలు వదులైతేనే రక్తం నిండుతుంది. అక్కడి ధమనుల వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండెకు రక్తం అందించేవి 3 నుంచి 4. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్టు కలిసి ఒంట్లో రక్తనాళాలన్నిటినీ పాడుచేస్తుంటే ముందు ఇబ్బంది పెట్టేది సన్నవే కదా! గుండెనొప్పి రావడానికి రెండు మూడేళ్ల ముందే ఈ సమస్య మొదలైనవాళ్లు ఎందరో ఉన్నారు.

ప్రాక్టీసు కొత్తలో నేనూ తప్పు చేశాను. నలభై అయిదేళ్ల మనిషి, దగ్గరికొస్తే సిగరెట్టు వాసన. పని ఒత్తిడి అన్నాడు. టెన్షన్ తగ్గించుకోమని పంపేశాను, బీపీ కూడా చూడలేదు. ఏడాది తిరక్కుండానే గుండెలో స్టెంట్ వేయించుకుని, ఆ ఫైలు పట్టుకుని వచ్చాడు. ఆయనేమీ అనలేదు. "అప్పుడే ఒక రక్తపరీక్ష రాయాల్సింది కదండీ" అంది ఆయన భార్య. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఈ సమస్య అని నోరు తెరిచినవాళ్లకు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడనిదే ఇంకో మాట మాట్లాడను.

అపోహ: ఎవరికీ తెలియకుండా ఓ మాత్ర వేసుకుంటే సరి.

అంగస్తంభన కోసం వేసుకునే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మంచి మందే. గుండెనొప్పికి పనికొస్తుందేమోనని పరీక్షిస్తుంటే ఈ గుణం బయటపడింది, 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ గుండెకోసం నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు ఇది వేసుకుంటే బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుంది. ఛాతీనొప్పితో ఎమర్జెన్సీకి వెళ్లి, పక్కన భార్య ఉందని ఈ మాత్ర సంగతి దాచేవాళ్లున్నారు. అక్కడివాళ్లు నాలుక కింద పెట్టేది నైట్రేటే కావచ్చు. సిగ్గుపడే సమయమా అది? మూలికల మందే కదా అనుకోవద్దు, అలా అమ్మేవాటిలోనూ సిల్డెనాఫిల్ కలిపినవి పరీక్షల్లో దొరికాయి.

ఇదంతా చదివి బెంబేలు పడకండి. నిద్రలో రాత్రికి మూడు నుంచి అయిదుసార్లు స్తంభన మామూలే. తెల్లవారుజామున బాగానే ఉండి, దగ్గరైనప్పుడు మాత్రమే కుదరడం లేదంటే చాలావరకు భయమే కారణం. ఒకసారి విఫలమైతే రెండోసారి పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంటుంది. ఆ కంగారులో పెరిగే అడ్రినలిన్ రక్తనాళాలను బిగించేస్తుంది. ఆయన గోడవైపు తిరిగి పడుకుంటాడు, ఆమె తనమీద ఇష్టం పోయిందనుకుంటుంది. ఈ రెండు మౌనాల మధ్య నలిగిపోయిన సంసారాలు చాలా చూశాను. 1970లో అమెరికా లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ వాడుతున్నాం: కొన్నాళ్లు సంభోగం ఊసే ఎత్తకుండా స్పర్శతోనే దగ్గరవడం. నెగ్గాల్సిందేమీ లేదని తెలిస్తే ఒళ్లు దారికొస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. హస్తప్రయోగంతో నరాల బలహీనత రాదు. అంగం కొలతల గోల వదిలేయండి. డిప్రెషన్ మందులతో కోరిక తగ్గొచ్చు, అలాగని సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరుకే చెప్పండి. కలయికలో ఆడవాళ్లకు నొప్పి ఉంటే "అంతే, ఓర్చుకో" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కండరాలు బిగుసుకుపోవడం, ఇన్ఫెక్షన్, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), మెనోపాజ్ తర్వాత పొడిబారడం, ఇలా ఏదో ఒక కారణం ఉంటుంది, వైద్యమూ ఉంటుంది.

వీలైతే ఇద్దరూ కలిసి రండి. వాడుతున్న మాత్రల షీట్లన్నీ తెచ్చుకోండి, బీరువాలో దాచినవి కూడా.