జాంబీ కామెడీ ఎందుకు నవ్వించదు? ఎడిట్ రూమ్ నుంచి అపోహలు - వాస్తవాలు

నేను ఎడిటర్‌ని. ఒక జాంబీ కామెడీతో నాలుగు నెలలు కుస్తీ పట్టాను. మొదటి ఆటకు హాలంతా గమ్మున కూర్చుంది. భయపడి కాదు, విసుగొచ్చి. అప్పట్నుంచీ ఈ మాటలు ఎవరన్నా నా నోరు ఊరుకోదు.

అపోహ: జాంబీ వెకిలిగా ఉంటే నవ్వొస్తుంది.

వాస్తవం: ఒకసారి వస్తుంది, అంతే. మా సినిమాలో ఒక సీన్. తలుపవతల జాంబీలు గోకుతుంటాయి, ఇవతల అన్నదమ్ములు తాళంచెవి ఎవరు పారేశారని కొట్టుకుంటుంటారు. కాగితం మీద చదివి పడీపడీ నవ్వాం. తీరా షూటింగ్‌లో కిటికీలోంచి జాంబీ చేత కూడా కోతి మొహాలు పెట్టించారు. ఇక తలుపు విరుగుతుందన్న భయమేదీ? భయం పోయాక ఆ పోట్లాట ఉత్త గోల. కిటికీ షాట్లన్నీ పీకేసి, గోకుడు చప్పుడు ఒక్కటే ఉంచి చూశాను. నా అసిస్టెంట్ పకపకా నవ్వాడు, ఆ సీన్ వాడు అప్పటికి నలభైసార్లు చూసుంటాడు. నిర్మాతకేమో మేకప్‌కు పెట్టిన డబ్బు తెర మీద కనబడాలి. షాట్లు మళ్లీ వచ్చి కూర్చున్నాయి.

అపోహ: పేలని జోకు ఎడిటింగ్‌లో పేలుతుంది.

వాస్తవం: సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. రియాక్షన్‌ని, అంటే జోకు విన్నవాడి మొహం చూపే షాట్‌ని, ఆరు ఫ్రేములు ముందే కోస్తే నవ్వు చస్తుంది, ఇంకో పన్నెండు ఉంచితే బతకొచ్చు. కానీ ఆ రియాక్షన్ తీసి ఉండాలిగా! 'టొయింగ్' అని సౌండ్ వేస్తే లాభం లేదు. మేం వేశాం, అది వేరే సంగతి.

అపోహ: జాంబీలకు ఎప్పట్నుంచో రూల్సున్నాయి, అవి తినేది మెదళ్లే.

వాస్తవం: జార్జ్ రొమేరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో అవి తినేది మనిషి మాంసం. జాంబీ అన్న మాటే అందులో వినబడదు. మెదళ్ల పిచ్చి 1985 నాటి 'ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్' పుణ్యం, అదీ కామెడీయే. రూలు ఎవరికి వాళ్లు పెట్టుకోవచ్చు. పెట్టుకున్నాక తప్పకూడదు. ఫస్టాఫ్‌లో కరిచిన పది సెకన్లకే జాంబీ అయిపోయే లోకంలో, హీరో స్నేహితుడు మాత్రం క్లైమాక్స్‌లో ఐదు నిమిషాలు డైలాగులు చెబితే ఎలా?

అపోహ: బడ్జెట్ లేకే తేలిపోయింది.

వాస్తవం: జపాన్‌వాళ్ల 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' (2017) అతి తక్కువ ఖర్చుతో తీసింది. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, నిండా తడబాట్లు. ఇదేం సినిమారా అనిపిస్తుంది. తర్వాత ఒక్కో తడబాటు ఎందుకు జరిగిందో బయటపడుతుంటే నవ్వు ఆగదు. తడబాట్లకు మా సినిమాలోనూ కొదవలేదు. కారణాలే రాసుకోలేదు.