ఆట డి డ్రైవ్‌లో, సేవ్ సి డ్రైవ్‌లో: ఈ తగువు ఎక్కడ మొదలైంది?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేశాక పాత పీసీల్లో సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టి విండోస్ 11 ఎక్కించుకునే పని మళ్ళీ మొదలైంది, దాంతోపాటే ఓ పాత తగువు కూడా లేచింది. "ఆట డి డ్రైవ్‌లోనే ఉంది కదా, సి ఫార్మాట్ చేస్తే నా వంద గంటలు ఎలా పోయాయి?" అని ఆడేవాళ్ళు. "ముందే బ్యాకప్ తీసుకోవాలని తెలీదా?" అని తెలిసినవాళ్ళు. నన్నడిగితే మొదటి ప్రశ్న న్యాయమైనదే.

డాస్, ఫ్లాపీల కథ అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. అప్పట్లో ఆట ఫోల్డర్ కాపీ కొడితే సేవ్‌లు, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిపెట్టే ఫైళ్ళు కూడా దాంతోనే వచ్చేసేవి, అంతే. విండోస్ ఎక్స్‌పీ రోజులకి కొన్ని ఆటల సేవ్‌లు మై డాక్యుమెంట్స్‌లోకి మారాయి. వైస్ సిటీ ఆడినవాళ్ళకి అక్కడ 'జీటీఏ వైస్ సిటీ యూజర్ ఫైల్స్' అని ఓ ఫోల్డర్ ఉండేది గుర్తుండే ఉంటుంది. దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఇంకో సిస్టమ్‌లో పెడితే మిషన్లు ఆపిన చోటి నుంచే నడిచేవి. మిగతా చాలా ఆటలు మాత్రం ప్రోగ్రామ్ ఫైల్స్‌లో తమ ఫోల్డర్‌లోనే రాసుకునేవి. ఇంట్లో ఉన్నది ఒకటే పీసీ, అందరూ అడ్మినే, అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

అసలు మలుపు 2007 జనవరిలో జనం చేతికొచ్చిన విండోస్ విస్టా. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఎవరు పడితే వాళ్ళు రాయడానికి వీల్లేదంది. వైరస్‌ల గోల చూశాం కాబట్టి అందులో తప్పు పట్టను. మరి పాత ఆటలు ఆగిపోకూడదు కదా? అందుకని విండోస్ ఓ చిట్కా వేసింది. ఆట తన ఫోల్డర్‌లో సేవ్ రాయబోతే దాన్ని మధ్యలోనే పట్టుకుని, యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా లోపల, 'లోకల్' అనే ఫోల్డర్‌లో ఉండే 'వర్చువల్‌స్టోర్'లోకి మళ్ళించేది. ఆటకి ఆ సంగతి తెలీదు, ఆడేవాడికి అసలే తెలీదు, పైగా యాప్‌డేటా అనేది మామూలుగా కంటికి కనపడని ఫోల్డర్.

ఇప్పుడు ఆ మనిషి చోటు చాలక ఆటని డి డ్రైవ్‌కి మార్చాడనుకోండి. ఫోల్డర్ మొత్తం కాపీ కొట్టాడు, ఆట తెరిచాడు, 'న్యూ గేమ్' తప్ప ఇంకేం లేదు. డి డ్రైవ్‌లో ఆ మళ్ళింపు పనిచేయదు, ఆట తన పక్కనే వెతుక్కుంటుంది, సేవ్ మాత్రం సి లోనే నిద్రపోతోంది. ఇంకా తమాషా, ఫోల్డర్ కదపకుండా 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అని తెరిచినా మళ్ళింపు ఆగిపోయి సేవ్‌లు మాయమయ్యేవి, మళ్ళీ మామూలుగా తెరిస్తే ప్రత్యక్షం. దెయ్యం పట్టిందనుకున్నవాళ్ళని తప్పుపట్టలేం.

మైక్రోసాఫ్ట్ వైపు మాట కూడా చెప్పాలి: విస్టాలోనే యూజర్ ఫోల్డర్‌లో 'సేవ్డ్ గేమ్స్' అని ఓ చోటు ఇచ్చారు. కానీ అందరూ అక్కడే పెట్టాలని పట్టుబట్టలేదు. స్కైరిమ్ ఆట సేవ్ డాక్యుమెంట్స్‌లోని 'మై గేమ్స్'కి పోయింది, ఎల్డెన్ రింగ్ ఆటది యాప్‌డేటాలోని 'రోమింగ్'లో కూర్చుంది, ఆటలు తయారుచేసే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఆటల సేవ్‌లు చాలావరకు యాప్‌డేటాలోనే 'లోకల్‌లో' (LocalLow) అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ('లోకల్', 'లోకల్‌లో' అని రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉంటాయి, ఫోన్‌లో ఎవరికైనా చెప్పి చూడండి.)

ఆటలు కొని దించుకునే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ కథ దీనికి పక్కనే నడిచింది. 2012 దాకా అందులో ఆటలన్నీ ఒకే డ్రైవ్‌లో ఉండాల్సిందే, వేరే డ్రైవ్ కావాలంటే 'ఎంకెలింక్' కమాండ్ కొట్టి విండోస్‌ని మభ్యపెట్టేవాళ్ళు. తర్వాత ఆటని వేరే డ్రైవ్‌కి మార్చే బటనే వచ్చింది. కానీ అది కదిపేది ఆట ఫోల్డర్‌నే, యాప్‌డేటా జోలికి పోదు. సేవ్‌లని స్టీమ్ సర్వర్లలో దాచే స్టీమ్ క్లౌడ్ 2008లో వచ్చినా ప్రతి ఆటకీ అది లేదు. ఉన్న ఆటకీ ఓ గండం ఉంది: కొత్త విండోస్‌లో ఆట తెరవగానే క్లౌడ్‌దా, ఈ కంప్యూటర్‌దా అని రెండు తేదీలు చూపించి ఏది ఉంచాలో అడగొచ్చు. కొత్త తేదీ ఉన్నదే మంచిదనుకుని ఈరోజు పుట్టిన ఖాళీ సేవ్‌ని నొక్కితే, పాతది కాస్తా చెరిగిపోతుంది.

ఇప్పుడు విండోస్ 11లో అదే తంతు ఇంకో రూపంలో నడుస్తోంది. కొత్తగా సెటప్ చేస్తే డాక్యుమెంట్స్ ఫోల్డర్ చెప్పాపెట్టకుండా మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్ లోపలికి వెళ్ళిపోవచ్చు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, అది నిండాక విసుగొచ్చి బ్యాకప్ ఆపేస్తే, ఫైళ్ళు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉండిపోయి డాక్యుమెంట్స్ మళ్ళీ పాత చోటికి, ఖాళీగా రావచ్చు. ఆట వెళ్ళి ఆ ఖాళీ ఫోల్డర్‌లో చూస్తుంది, తెర మీద మళ్ళీ 'న్యూ గేమ్'.