ఆ సున్నా గురించి మీ ఇద్దరికీ

ఒరేయ్ చిన్నా, అమ్మలూ,

మొన్న ఆదివారం ఫోన్లో మీ ఇద్దరూ ఒకేసారి అరిచేసరికి నాకు సగం మాటలే వినపడ్డాయి. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. చిన్నాగాడు ఓటమే లేని బాక్సర్ల లిస్టు చూస్తూ, మేవెదర్ 50-0, మార్సియానో 49-0, కాల్జాగీ 46-0 అని చదువుకుంటూ కిందకి దిగి, 34-0 (అంటే 34 గెలుపులు, సున్నా ఓటములు) దగ్గర స్వెన్ ఒట్కే అనే పేరు చూసి "ఈయన గురించి ఎవరూ మాట్లాడరేంటి తాతా" అన్నాడు. నువ్వేమో అమ్మలూ, "అవన్నీ జడ్జీలు వేసిన భిక్ష" అని కొట్టిపారేశావు. ఈలోగా మీ అమ్మ ఫోన్ లాక్కుంది. అది ఫోన్లో తేలే గొడవ కాదులే, అందుకే రాస్తున్నాను.

ముందు మనిషి ఎవరో తెలియాలి. ఒట్కే 1967లో బెర్లిన్లో, స్పాండావ్ అనే పేటలో పుట్టాడు. అప్పటికి బెర్లిన్ రెండు ముక్కలు, ఈయనది పడమటి ముక్క. 1988 సోల్, 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, వరసగా మూడు ఒలింపిక్స్‌కి వెళ్లాడు, మెడల్ మాత్రం రాలేదు. అమెచ్యూర్‌గా 300కు పైగా బౌట్లు ఆడాడు, యూరప్ చాంపియన్ కూడా అయ్యాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ఆయన ఆట మొత్తం అక్కడే తయారైంది.

ఎలాగంటే, సోల్ ఒలింపిక్స్ ఫైనల్లో రాయ్ జోన్స్ అనే అమెరికా కుర్రాడు కొరియా బాక్సర్ని చితక్కొట్టినా జడ్జీలు కొరియావాడినే గెలిపించారు. లోకమంతా ఛీ అంది. దాంతో అమెచ్యూర్ బాక్సింగ్‌లో మెషిన్ స్కోరింగ్ తెచ్చారు. అప్పట్లో ఐదుగురు జడ్జీల ముందు బటన్లు ఉండేవి, ఒక దెబ్బ తగిలినట్టు కనపడగానే కనీసం ముగ్గురు ఒక్క సెకనులోపు నొక్కితేనే పాయింటు వచ్చేది. అప్పుడు ఏమవుతుంది? గట్టిగా కొట్టడం కన్నా స్పష్టంగా కనపడేలా కొట్టడం ముఖ్యమవుతుంది, ఒకటి తగిలించి అవతలివాడి చేతికి అందకుండా పక్కకి జారుకోవడం అలవాటవుతుంది. మన కబడ్డీలో బోనస్ లైన్ తొక్కి, ఎవడినీ ముట్టుకోకుండా వెనక్కి వచ్చేసే రైడర్ ఉంటాడు చూడు, అలాగన్నమాట. జనం ఈల వెయ్యరు, స్కోరు బోర్డు మాత్రం కదులుతుంది. ఒట్కే ఆ రోజుల్లో ఎన్నో ఏళ్లు అలా ఆడి, ఆ ఆటనే ప్రొఫెషనల్ రింగులోకి తెచ్చుకున్నాడు.

1997లో ముప్పైకి అటూ ఇటూగా ఉన్నప్పుడు ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ వయసుకి చాలామంది సర్దుకుని ఇంటికి పోతారు. ఫైట్లు ఏర్పాటు చేసే ప్రమోటర్ సావర్లాండ్, ఉల్లి వెగ్నర్ అనే కోచ్. రెండేళ్లు తిరగకుండానే, 1998 అక్టోబరులో డ్యూసెల్‌డార్ఫ్‌లో చార్ల్స్ బ్రూవర్ అనే అమెరికన్‌ని ఓడించి ఐబీఎఫ్ (ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటి) సూపర్ మిడిల్‌వెయిట్ టైటిల్ పట్టాడు. 168 పౌండ్ల బరువు అది, మన లెక్కలో 76 కిలోల చిల్లర. అక్కడి నుంచి 2004 మార్చి దాకా 21 సార్లు దాన్ని కాపాడుకుని, చాంపియన్‌గానే ఆట మానేశాడు. 34 ఫైట్లలో నాకౌట్లు ఆరే. ఆ ఆరు అంకె దగ్గరే గొడవంతా మొదలవుతుంది.

ఎందుకో చెబుతాను, ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. ప్రొఫెషనల్ ఫైట్‌కి ముగ్గురు జడ్జీలు ఉంటారు, నాకౌట్ కాకపోతే ఎవరు గెలిచారో తేల్చేది వాళ్లే. ప్రతి రౌండుకీ గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9. వాళ్లు చూసేవి శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితం ఇచ్చే దూకుడు, రింగు ఎవరి చేతిలో ఉందనేది, డిఫెన్స్. ఇప్పుడు ఒక రౌండులో ఒట్కే వెనక్కి వెనక్కి తిరుగుతూ ఐదారు జాబ్‌లు (ముందు చేత్తో సూటిగా విసిరే దెబ్బలు) తగిలించాడనుకో, అవతలివాడు మూడు నిమిషాలూ మీద మీదకి వస్తూ ఇరవై విసిరి రెండు గట్టివి తగిలించాడనుకో. ఎవరికిస్తావు? చిన్నా ఒట్కేకి ఇస్తాడు, అమ్మలు అవతలివాడికి ఇస్తుంది, ఇద్దరూ అబద్ధం ఆడినట్టు కాదు. అలాంటి రౌండ్లు పన్నెండు వరసగా వస్తే ఫలితం జడ్జీ రుచి మీద ఆధారపడుతుంది. డిఫెన్స్ నమ్ముకున్నవాడు దెబ్బల నుంచి తప్పించుకుంటాడు గానీ ఈ అనుమానం నుంచి తప్పించుకోలేడు. బ్రూవర్ మీద రెండు గెలుపులూ, 2003లో బైరన్ మిచెల్ మీద గెలుపూ స్ప్లిట్ డెసిషన్లే, అంటే ముగ్గురిలో ఒక జడ్జీ అవతలివాడే గెలిచాడన్నాడు.

ఆ పైన టైటిల్ ఫైట్లన్నీ జర్మనీలోనే జరిగాయి. మాగ్డెబర్గ్, న్యూరెంబర్గ్, లైప్‌సిగ్, కార్ల్స్‌రూ, అలా ఊరు మారింది గానీ దేశం దాటలేదు. క్రికెట్లో ఇదివరకు సొంత దేశపు అంపైర్లే ఉండేవాళ్లు, ఎంత తిట్లు తినేవాళ్లో నేను రేడియో దగ్గర కూర్చుని విన్నవాడిని. చివరికి 2002 నుంచి టెస్టుల్లో ఇద్దర్నీ బయటి దేశాల నుంచే తెచ్చారు. బాక్సింగ్‌లో జడ్జీలు బయటివాళ్లే వచ్చినా ఫీజు, హోటలు ప్రమోటర్ ఖాతాలోనే. డబ్బు తీసుకుని రాశారని అనను. కానీ వేలమంది ఒకడి ప్రతి జాబ్‌కీ చప్పట్లు కొడుతుంటే, ఆ చెవులతో స్కోరు రాయడం మనిషికి కష్టం. నాకూ ఒక అనుభవం ఉంది, కాలేజీ రోజుల్లో పక్క ఊరికి కబడ్డీకి వెళ్తే... సరే, అది యాభై ఏళ్ల కడుపుమంట, ఇప్పుడొద్దు.

అయితే అమ్మలూ, జర్మనీలో జర్మన్ ఓడడు అనే మాట దగ్గర నేను నీతో లేను. హెన్రీ మాస్కె అని ఒట్కే కంటే ముందు జర్మనీ నెత్తిన పెట్టుకున్న చాంపియన్, ఓటమే లేదు. 1996లో మ్యూనిక్‌లో వీడ్కోలు ఫైట్ పెట్టుకున్నాడు. సొంత జనం, సొంత పండగ, ప్రమోటర్ కూడా ఇదే సావర్లాండ్. వర్జిల్ హిల్ చేతిలో స్ప్లిట్ డెసిషన్‌లో ఓడిపోయాడు. తర్వాత జర్మనీ తరఫున ఆడిన ఇంకో చాంపియన్ మిహాల్చెవ్స్కీ, 48 గెలుపులు, ఒక్క ఓటమి లేదు, 2003 అక్టోబరులో హాంబర్గ్‌లో అదే స్ప్లిట్ డెసిషన్‌తో మొదటిసారి ఓడాడు. కావాలంటే ఎంత తేలిగ్గా ఆ కాగితాలు అటు తిప్పేవాళ్లో ఆలోచించు.

ఇప్పుడు చిన్నా, నీ వంతు. మిహాల్చెవ్స్కీ ఓడిన రెండు నెలలకే, 2003 డిసెంబరులో న్యూరెంబర్గ్‌లో ఒట్కేకీ ఇంగ్లండ్ వాడు రాబిన్ రీడ్‌కీ ఫైట్ జరిగింది. ఆరో రౌండులో రీడ్ దెబ్బకి ఒట్కే కింద పడ్డాడు. నాక్‌డౌన్ లెక్కపెట్టాల్సిన రెఫరీ, అది దెబ్బ వల్ల కాదన్నట్టు లేపి ఫైట్ నడిపించాడు. అంతటితో ఆగలేదు, రీడ్ దగ్గరికి వెళ్లి కొట్టడం మొదలుపెట్టినప్పుడల్లా మధ్యలో దూరి ఆపడం, హెచ్చరించడం. చివరికి ముగ్గురు జడ్జీలూ ఒట్కేకే రాశారు. జడ్జీ రుచి అని చెప్పి దీన్ని దాటేయలేను. నాక్‌డౌన్‌కి రుచితో పని లేదు, పడ్డాడా లేదా అంతే. ఒట్కేని ఎంత వెనకేసుకొచ్చినా ఈ ఒక్క ఫైట్ దగ్గర నా నోరు పెగలదు. ఆ తర్వాత ఇంకొక్క ఫైట్ ఆడి మానేశాడు, అందుకే జనానికి చివరి రుచిగా ఇదే మిగిలిపోయింది.

వేల్స్ వాడు కాల్జాగీతో పోలిక కూడా తెచ్చారుగా. ఒకే బరువు, ఒకే కాలం, ఒకరికి ఐబీఎఫ్, ఒకరికి అలాంటిదే ఇంకో సంస్థ డబ్ల్యూబీఓ టైటిల్, ఎన్నేళ్లు గడిచినా ఎదురుపడలేదు. బైరన్ మిచెల్‌తో ఒట్కే 2003 మార్చిలో పన్నెండు రౌండ్లు లాగి ఒక జడ్జీ తేడాతో బయటపడితే, అదే మిచెల్‌ని కాల్జాగీ జూన్‌లో కార్డిఫ్‌లో రెండో రౌండులోనే ముగించేశాడు. అందుకని కాల్జాగీ గొప్పోడు అంటారు, నిజమే. కానీ రాబిన్ రీడ్ దగ్గర కాల్జాగీ కూడా 1999లో, ఇంగ్లండ్ గడ్డ మీద, స్ప్లిట్‌తోనే గట్టెక్కాడు. ఇంకో సంగతి ఎవరూ అనరు. 2004 మార్చిలో ఒట్కేతో పాటు కాల్జాగీ కూడా మానేసి ఉంటే, పేరున్న బాక్సర్లు లేసీ, కెస్లర్, హాప్‌కిన్స్ మీద గెలుపులేవీ ఉండేవి కాదు, అవన్నీ 2006లోనూ ఆ తర్వాతా వచ్చినవే. అప్పుడు ఆయన్ని కూడా ఇంట్లోనే గెలిచినవాడు అనేవాళ్లు. ఒట్కేకి అప్పటికే 36 ఏళ్లు, ఆ రెండో అవకాశం తీసుకునే వయసు కాదు.

నా లెక్క అడిగారు కాబట్టి చెబుతాను. ఆ సున్నా ఒట్కేకి మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది. రీడ్ చేతిలో ఓడి 33-1తో దిగిపోయి ఉంటే, ఒట్కే అంటే ముట్టుకోవడం కుదరని బాక్సర్ అనీ, ఆలస్యంగా వచ్చి ఐదేళ్లు ఏలినవాడనీ హాయిగా చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఆ 0ని నిలబెట్టడానికి ఒకరు, పడగొట్టడానికి ఒకరు, ఆట చూసేవాడు మాత్రం లేడు. 1999లో డ్యూసెల్‌డార్ఫ్‌లో గ్లెన్ జాన్సన్ మీద గెలిచాడు. ఆ జాన్సన్ ఎవరనుకున్నారు, ఐదేళ్ల తర్వాత మెంఫిస్‌లో రాయ్ జోన్స్‌ని తొమ్మిదో రౌండులో పడగొట్టినవాడు. ఆ ఎద్దులాంటి మనిషి ముందు పన్నెండు రౌండ్లు నిలబడి గెలవడాన్ని భిక్ష అనకు తల్లీ. రగ్బీ వదిలేసి వచ్చిన ఆస్ట్రేలియా స్టార్ ఆంథొనీ మండైన్‌ని 2001లో డోర్ట్‌మండ్‌లో పదో రౌండులో ఒక్క దెబ్బతో పడుకోబెట్టాడు, కొట్టడం రాదనేవాళ్లు అది చూడలేదేమో.

ఒక పని చేయండి. జాన్సన్ ఫైట్ వెతికి, సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి, కామెంటరీ, చప్పట్లు ఏవీ వద్దు. ఇద్దరూ వేరే వేరే గదుల్లో కూర్చుని, రౌండు అవ్వగానే కాగితం మీద స్కోరు రాసెయ్యండి, తర్వాత దిద్దడాల్లేవు. చిన్నా, అక్క కాగితం చూడకు. రెండు కాగితాలూ ఫొటో తీసి నాకు పంపండి, నేను ఎప్పుడో రాసుకున్నది నా డైరీలో ఉంది, మీవి వచ్చాకే బయట పెడతాను.

అమ్మమ్మ ఆవకాయ డబ్బా మీ మావయ్యతో పంపింది, మూత గట్టిగా పెట్టమంటోంది.

మీ తాతయ్య