రేపటి కోసం ఇంగ్లీషు అరువు తెచ్చుకున్న మాటలు

గడిచిన కాలాన్ని చెప్పడానికి ‘వాక్’ను ‘వాక్డ్’గా, ‘గో’ను ‘వెంట్’గా మార్చుకునే ఇంగ్లీషు క్రియకు, రాబోయే కాలాన్ని చెప్పే ప్రత్యేక రూపం ఒక్కటీ లేదు. అందుకే 2002లో వెలువడిన కేంబ్రిడ్జ్ ఇంగ్లీషు వ్యాకరణ గ్రంథంలో భాషావేత్తలు హడిల్‌స్టన్, పుల్లమ్ ఆ భాషకు భవిష్యత్ కాలమే లేదని వాదించారు. ‘విల్’ వస్తే భవిష్యత్తు అని బడిలో వల్లెవేసిన మనకు ఇది వింతగా తోచవచ్చు.

ప్రాచీన ఇంగ్లీషులో ‘విల్’ అంటే కోరుకోవడం, ‘షల్’ అంటే బాకీ పడి ఉండడం. కోరుకున్నది చేస్తాం, బాకీ తీర్చక తప్పదు. ఆ దారిలోనే రెండూ జరగబోయేదాన్ని చెప్పే సహాయక క్రియలుగా మారాయి. ఉత్తమ పురుషలో ‘షల్’ జరగబోయేదాన్ని ఊరకే ముందుగా చెబుతుందని, ‘విల్’ మాట ఇస్తుందని లేదా బెదిరిస్తుందని, మిగతా పురుషల్లో ఇది తారుమారవుతుందని 1653లో జాన్ వాలిస్ సూత్రీకరించాడు. అనంతానికి అడ్డంగా పడుకున్న ఎనిమిది గుర్తును వాడుకలోకి తెచ్చిన గణితవేత్త ఈయనే. జనం నోటికి మాత్రం ఆ లెక్క పూర్తిగా ఎన్నడూ కుదరలేదు.

‘గోయింగ్ టు’ నడక నుంచి పుట్టింది. ఏదో పని మీద ఎక్కడికో వెళ్తున్నామని చెప్పే మాటలో మెల్లగా ప్రయాణం మరుగై, జరగబోయే పని ఒక్కటే మిగిలింది. దీనికీ ‘విల్’కూ తేడా తెలియాలంటే మబ్బు కమ్మిన వేళ పెరట్లో నిలబడితే చాలు. కళ్లెదుటి మబ్బును చూసి చెప్పేటప్పుడు ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అంటారు. ‘ఇట్ విల్ రెయిన్’ అంటే ఆ మబ్బుతో పని లేని అంచనాలా వినిపిస్తుంది. తెలుగులోనూ దండెం మీది బట్టలు తీస్తూ ‘వాన పడబోతోంది’ అంటాం. ఆ ‘బోతోంది’లో ఉన్నది ‘పోవు’ క్రియే. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు ఒకే బాట తొక్కాయి. ఈ పోలికతో మొదలుపెట్టి ఉంటే మన వ్యాకరణ పాఠాలు ఇంకాస్త సులువయ్యేవని నా అభిప్రాయం.

నమ్మకం సడలినప్పుడు ‘మే’, ‘మైట్’ వస్తాయి, మన ‘పడవచ్చు’లాగా.

ఇక ‘విల్’ ఎప్పుడూ రేపటినే చెప్పదు. తలుపు చప్పుడైతే లోపలి నుంచే ‘దట్ విల్ బి ద పోస్ట్‌మ్యాన్’ అంటారు. మనం ‘పోస్ట్‌మ్యాన్ అయి ఉంటాడు’ అంటాం. మనిషి అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నా, ఇంగ్లీషు ‘విల్’నూ తెలుగు ‘ఉంటాడు’నూ వాడాయి.